చేసిన పని – రాని సొమ్ము

ఒకరి కొలువున చేరక, పనికింత యని మాటాడుకొని, ఇంటనే కూర్చుండి పనిచేసి బ్రదుకువారి సంఖ్య మన దేశమున నానాటికి పెరుగుచున్నది. అనువాదకులు, అచ్చుచిత్తులు దిద్దువారు, పుటలు కూర్చువారు, బొమ్మలు గీయువారు, ఛాయాగ్రాహకులు, చలనచిత్రములకు సంభాషణలు వ్రాయువారు, కంప్యూటరు పనివారు – వీరందరును ఈ కోవలోనివారే. వీరిని ఇంగ్లీషున ఫ్రీలాన్సర్లందురు. వాల్టర్ స్కాటు 1819లో వెలువరించిన ‘ఐవన్‌హో’ నవలయందు ఈ మాట కూలికి ఈటె పట్టు సైనికుల విషయమున వాడబడినది. ఆ సైనికునకొక సౌకర్యముండెను. కూలి యెగవేయు ప్రభువునెదుట ఆ ఈటెనే నిలువబెట్టవచ్చును. మన అనువాదకుని చేతనున్నది కలము మాత్రమే. నీతి ఆయోగువారు 2022లో ప్రకటించిన నివేదికయందు విడిపనులపై బ్రదుకువారు 2020–21 నాటికి 77 లక్షలనియు, 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురనియు అంచనా వేసిరి. ఆ పిమ్మట సాగిన చర్చ మిక్కిలిగ బండ్లపై భోజనము చేరవేయువారిని గూర్చియే సాగినది. అది యుక్తమే. కాని కలముపనివారి బాకీలను గూర్చి మాటాడినవారు అరుదు.

మాకు తెలిసిన అనువాదకుడొకడు కలడు. ఒక ప్రచురణసంస్థవారు 48,000 మాటల గ్రంథమును మాటకు రూపాయి పావలా చొప్పున తెనిగింప నాయనను కోరిరి. మొత్తము 60,000 రూపాయలు. రెండు నెలలు రాత్రింబవళ్లు కూర్చుండి ముగించి పంపెను. పంపిననాడు “బ్రహ్మాండంగా ఉందండీ” యని సందేశము వచ్చినది. పక్షము గడచిన పిదప లెక్కల గుమాస్తా సెలవుపై నుండెను. నెలకు సంతకము చేయు పెద్దలు ఊరలేరు. మూడవ నెలలో పైనుండి సొమ్ము మంజూరు కాలేదు. ఆరవ నెలలో అనువాదమున భాష కొంచెము కఠినముగ నున్నదని తొలిసారిగ తెలియవచ్చినది. ఈలోపల గ్రంథము అచ్చై అంగళ్లలో అమ్ముడుపోవుచునే యున్నది! తొమ్మిదవ నెలలో, “అయిదువేలు తగ్గించుకుంటే ఇప్పుడే సర్దుతాం” అను వర్తమానము వచ్చెను. ఇంటి యజమాని అద్దె యందు తగ్గించుకొనలేదు; కుమార్తె చదువు బడివారును తగ్గించుకొనలేదు. ఆయన తగ్గించుకొనెను. ఈ తొమ్మిది నెలలలో ఆయన ఫోను చేసినది మూడుమారులు. ఆ మూడుమారులును కుశలప్రశ్నలతో మొదలిడి కుశలప్రశ్నలతోనే ముగించెను.

ఒకప్పుడు మన పల్లెలలో దయ్యము లోనికి రాకుండుటకు తలుపులపై ‘ఓ స్త్రీ, రేపు రా’ యని వ్రాసికొనెడివారు. అది వచ్చి, చదివికొని, మరలిపోవుననియు, మరునాడు వచ్చినను అదే వ్రాత చదివికొని మరల పోవుననియు నమ్మిక. పెక్కు సంస్థల లెక్కల గదులవారు ఈ మంత్రమును తలుపుపై వ్రాయకయే నేర్చిరి.

ఇది కొత్తగ పుట్టిన వ్యాధి యని యెంచరాదు. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో వేతనమీయకుండుట యొకటి. కౌటిల్యుని అర్థశాస్త్రమున తృతీయాధికరణము దీనిని మరింత వివరముగ చర్చించుచున్నది. ముందు మాటాడుకొన్న వేతనమునే ఈయవలెను. మాటాడుకొననిచో పనినిబట్టియు కాలమునుబట్టియు ఈయవలెను. శిల్పులు, వైద్యులు మున్నగువారితోపాటు వాక్కుచే జీవించువారికిని – వాగ్జీవనులని ఆయన వాడిన మాట – అట్టి పని చేయు ఇతరులకు ముట్టునంతయో, తెలిసినవారు నిర్ణయించినంతయో ముట్టవలెను. వేతనమెగవేసినవానికి దండనయు విధించెను. వాక్కుతో బ్రదుకువానిని వడ్రంగితోను వైద్యునితోను ఒక్కవరుసన కూర్చుండబెట్టిన ఆ శాస్త్రకారుని దృష్టి నేటి పెద్దమనుష్యులు కొందరికి లేదు. వడ్రంగి కూలి సాయంకాలమునకే ఇచ్చి పంపుదురు. వ్రాతగాని కూలి వచ్చు సంవత్సరమున చూతమందురు.

ఈ యవస్థకు ఈయవలసినవారి నిర్లక్ష్యమెంత కారణమో, పుచ్చుకొనవలసినవారి మొగమాటమును అంత కారణము. విద్యనమ్ముకొనరాదను మాట మన యిండ్లలో తరతరములుగ వినబడుచున్నది. మాట గొప్పదే. కాని ఆ మాట పుట్టిననాడు పండితునకు అగ్రహారముండెను, సభలలో సంభావన యుండెను. అగ్రహారము పోయి ఇంటి అద్దె వచ్చినది. మాట మాత్రము మిగిలినది; అదియును నేడు సొమ్మీయవలసినవాని నోటనే తరచుగ వినవచ్చుచున్నది. “మీవంటి సాహితీపరులు కూడా డబ్బు గురించి మాట్లాడితే ఎలాగండీ” యనువాడు తన పుస్తకమును ఉచితముగ పంచిపెట్టుట మేమెన్నడును చూడలేదు.

చుట్టరికము కలిసినచోట చిక్కు మరింత ముదురును. పినతండ్రిగారు షష్టిపూర్తికి తమ స్వీయచరిత్రము అచ్చువేయించుకొందురు. చిత్తులు దిద్దవలసినది అన్నకొడుకు. మేనమామ కుమార్తె పెండ్లికి శుభలేఖ కూర్పవలసినది మేనల్లుడు. ఇట్టివానికి సొమ్మడుగుట మనవారి మర్యాద కాదని మేమును ఎరుగుదుము. చేయదలచినచో కట్నముగ చేయవలెను. కట్నమని ముందుగనే నోట చెప్పి చేయవలెను. “బాబాయ్, ఇది నా తరపు కానుక, ముఖపత్రము బొమ్మకూ అచ్చుకూ మాత్రము వేరే చూసుకోండి” అనినచో పినతండ్రికిని గౌరవమే, కొడుకునకును హద్దు దొరకును. సగము కానుకగ, సగము కూలిగ, ఏది ఎంతయో ఎవరికిని తెలియక చేసిన పనియే చుట్టములను విరోధులను జేయుచున్నది. మాటాడుకొనుటకు సిగ్గగుచున్నదను హేతువుచే పని మొదలిడినవాడు, తరువాత అడుగుటకు రెండింతలు సిగ్గుపడవలసివచ్చును.

కావున మొగమాటము విడువవలసిన వేళ పని ముగిసిన పిమ్మట కాదు, పని ఒప్పుకొనునప్పుడు. అప్పటికి ఇరువురును ప్రసన్నులై యుందురు. అవతలివారికి మన అక్కర యుండును. ఏరు దాటిన పిదప తెప్ప తగులవేయుట లోకసహజము. దీనికి న్యాయవాది ముద్ర వేసిన పత్రము కావలయునని భయపడనక్కరలేదు. పని యేమి, ఎన్ని మాటలు లేక ఎన్ని పుటలు, ఎంత ధర, ఎన్నిమారులు మార్పులు చేసియిత్తుము, ఏనాటికి సొమ్ము ముట్టవలెను – ఈ నాలుగు పంక్తులు ఈమెయిలున వ్రాసి, “సరే” యను జవాబు తెప్పించుకొనినను చాలును. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనమునకు తరువాత చేర్చిన సవరణచే ఇట్లు కుదిరిన ఒప్పందము కేవలము కాగితముపై లేదను కారణముచే చెల్లకపోదు. వాట్సాపులో కుదిరిన బేరమైనను ఆ సందేశములు చెరిపివేయక దాచుకొనుడు. ఫోనులో మాటాడినచో ఆ సాయంకాలమే, “ఇందాక అనుకొన్నట్లు...” అని మొదలుపెట్టి ఒక లేఖ పంపుడు.

మార్పుల విషయమున ప్రత్యేకముగ హెచ్చరింపవలసియున్నది. ‘చిన్న మార్పు’ అను మాటకు మన భాషయందు అర్థపరిమితి లేదు. ఒక చిన్న మార్పుచే పుస్తకము బొత్తిగ క్రొత్త పుస్తకమైన సందర్భములు కలవు. రెండుమారులవరకు ఉచితము, ఆపైని ఇంత, అని ముందే వ్రాసికొనినచో ఎంత చిన్న మార్పు నిజముగ చిన్నదో అవతలివారే ఆలోచించుకొందురు.

సంచకరువు పుచ్చుకొనకుండ పెద్ద పనికి పూనుకొనరాదు. ఇల్లు కొనునప్పుడు, పశువు కొనునప్పుడు, మేళము కుదుర్చుకొనునప్పుడు బయానా ఇచ్చు మనవారికి ఇది క్రొత్త ఆచారము కాదు. మూడవవంతు ముందు, మూడవవంతు నడుమ, మిగిలినది చివర – అనువాదమువంటి దీర్ఘకార్యమునకు ఈ పద్ధతి తగియుండును. నడిమి వాయిదా రానిచో పని అచటనే ఆపి, ఆపితిమని మర్యాదగ తెలుపవలెను. బయానా అడిగినంతనే ముఖము చిట్లించుకొని వెడలిపోయినవారు చివర సొమ్ముకూడ ఈయకుండెడివారే. వారు పోవుట లాభము.

ఇక గడువు తప్పినచో అడుగుటెట్లు? అడుగనిదే అమ్మయైన పెట్టదను సామెత ఉండగా అడుగుటకు క్షమాపణ లేల? పలువురు వ్రాయు బాకీలేఖలు చూడగా, అప్పుపడినవాడు తానే యన్నట్లు మొదలిడుచున్నవి. “మిమ్ములను ఇబ్బంది పెట్టుచున్నందులకు మన్నింపుడు” అను వాక్యమును మొదట కొట్టివేయవలెను. “అయ్యా, ఫలానా తేదీన తమకందజేసిన పనికి 60,000 రూపాయలు ఈ నెల 10వ తేదీనాటికి ముట్టవలసియుండెను. నేటివరకు ముట్టలేదు. ఏనాడు చెల్లింతురో తేదీ తెలుపగోరెదను” – ఇంతకుమించి అక్కరలేదు. ‘ఎప్పుడు వీలగును’ అనరాదు, ‘ఏ తేదీ’ యనవలెను. గడువు దాటిన మరునాడే వ్రాయవలెను. నెలలు ఊరకుండి ఒక్కమారుగ కోపముతో వ్రాయుటకంటె ఇదియే మర్యాద. పని చేయించినవారును సొమ్ము చెల్లించువారును వేరైన పెద్దసంస్థలలో లెక్కల విభాగమువారికి తిన్నగ వ్రాయుట మేలు. అచటి ఆలస్యము పెక్కుమారులు ఎవరి దుర్బుద్ధియు కాదు. మన బిల్లుపై ఏదో సంఖ్య లోపించుటయే.

మంచిమాట పనిచేయనిచోట శాసనము కలదు. 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి శాసనము కర్మాగారములకు మాత్రమే అని మనవారు తలచుచున్నారు. అది పొరపాటు. సేవలనందించు ఒంటరి పనివాడును ఉద్యమ్ నమోదు చేయించుకొనినచో సూక్ష్మసంస్థయే. 2025 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన పరిమితులనుబట్టి సాలునకు 10 కోట్ల రూపాయల వ్యాపారమువరకు సూక్ష్మసంస్థగనే యెంచబడును. మన వ్రాతగాండ్రలో ఆ హద్దు దాటువారు ఉన్నచో మాకు సంతోషమే. నమోదునకు రుసుము లేదు. పని ఒప్పుకొనుటకు ముందే చేయించుకొనుట క్షేమము.

ఆ శాసనమునుబట్టి గడువు మాటాడుకొననిచో 15 దినములలోను, మాటాడుకొనినచో ఆ గడువులోను సొమ్ము చెల్లింపవలెను. ఆ గడువైనను 45 దినములకు మించరాదు. తొంబది దినములకు గాని ఈయమని పెద్దసంస్థలవారు అచ్చొత్తించుకొన్న షరతులు దీనిముందు నిలువవు. తప్పినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడింతలు, నెలనెలకు చక్రవడ్డీ. బ్యాంకు రేటు నూటికి 6 అనుకొనినను మన అనువాదకుని 60,000 రూపాయలకు తొమ్మిది నెలలకు సుమారు 8,600 రూపాయలు వడ్డీయగును. ఆయనకు రావలసినది ఆ యెనిమిదివేల పైచిలుకు అధికము. ఆయన వదలుకొనినది అయిదువేలు! ఇంకొక సూక్ష్మము కలదు. పనిలో లోపమున్నదనువాడు పని అందిన 15 దినములలో వ్రాతమూలకముగ చెప్పవలెను. అట్లు చెప్పనిచో అందిన దినమే అంగీకరించిన దినము. ఆరవ నెలలో ‘భాష కఠినము’ అనుట ఈ గడువును వెనుకకు జరుపజాలదు. వివాదము వచ్చినచో రాష్ట్రములందలి ఫెసిలిటేషను కౌన్సిలు నాశ్రయింపవచ్చును. కౌన్సిలు తీర్పును కొట్టివేయింపగోరు కొనుగోలుదారు నూటికి 75 వంతులు ముందు కట్టినగాని న్యాయస్థానము వినదు. దీనికితోడు, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో చెల్లింపని సొమ్మును ఆ సంవత్సరపు ఖర్చుగ చూపి పన్ను తగ్గించుకొనరాదను నిబంధన 2023 ఆర్థిక శాసనముచే చేర్చబడి 2024 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. అటుపిమ్మట మార్చి నెల దగ్గరపడినకొలది కొన్ని లెక్కల గదులవారి స్వరము మృదువైనదని వినుచున్నాము. నీతిశాస్త్రము చేయలేని పనిని పన్నుశాస్త్రము చేయుచున్నది కాబోలు.

అయినను కౌన్సిలునకు 90 దినముల గడువు కాగితముపై నున్నంత సులభముగ ఆచరణయందు లేదు. అందుచే రచయితలు తమచేతనే యున్న మరియొక సాధనము నెరిగియుండవలెను. 1957వ సంవత్సరపు కాపీరైటు శాసనమునుబట్టి, జీతముపై కొలువున లేని రచయిత వ్రాసినదానికి తొలి హక్కుదారు ఆ రచయితయే. వ్రాతమూలకముగ బదిలీ చేసినగాని ఆ హక్కు ఇతరులకు పోదు. “పూర్తి సొమ్ము ముట్టిననాటినుండియే హక్కులు బదిలీయగును” అను ఒక్క పంక్తి ఒప్పందమున చేర్చుకొన్నవాడు, సొమ్ము చెల్లింపక అచ్చువేసినవానిని బాకీదారుగనే గాక హక్కు నతిక్రమించినవానిగను నిలదీయవచ్చును.

రెండవ పక్షమున మాటయు వినవలసియున్నది. చిన్న ప్రచురణకర్తకు పుస్తకవిక్రేతలనుండియు గ్రంథాలయములనుండియు రావలసిన బాకీలు తెమలవు. కాగితము ధర, అచ్చుకూలి ముందు చెల్లింపనిదే పుస్తకము వెలువడదు. అట్టివాడు “ఇప్పుడు నావల్ల కాదు, మూడు వాయిదాలలో ఇత్తును” అని తేదీలతో వ్రాసియిచ్చినచో అంగీకరించుట ధర్మమే. కాని అచ్చుకూలి చెల్లింపదగినది, వ్రాతకూలి ఆపదగినది అను క్రమమెవరు నిర్ణయించిరి? వాయిదాలకు చెక్కులు పుచ్చుకొనుట మేలు. చెల్లక తిరిగివచ్చిన చెక్కు విషయమున, బ్యాంకు తెలిపిన 30 దినములలో నోటీసు పంపి, అందిన 15 దినములలో సొమ్ము రానిచో, ఆపై నెలలోపల ఫిర్యాదు చేయవచ్చును. ఈ అంకెలలో ఏది దాటినను చిక్కే.

పేరు వచ్చునని ఆశజూపి పనిచేయించుకొనువారి విషయము వేరు. చలనచిత్రరంగమున యువ రచయితలు ఈ మాట విని సంవత్సరములు గడపుచున్నారు. తీరా తెరపై పేరును కానరాదు. రచనలు పుచ్చుకొని ప్రతిఫలము మాటెత్తని పత్రికలును ఈ నిందకు అతీతములు కావు. పేరు ఇచ్చువారు అది యెచట, ఏ అక్షరములతో వేయుదురో వ్రాసియిచ్చిరా యని యడుగుడు. ఇంతవరకు చాలును.

విదేశములలోని తెలుగువారికి పనిచేయువారును నేడు కలరు. అచటి శాసనములు కొన్ని మనకంటె ముందున్నవి. న్యూయార్కు నగరమున 2017 మే 15 నుండి, ఆ రాష్ట్రమంతట 2024 ఆగస్టు 28 నుండి, 800 డాలర్లు మొదలు పైబడిన పనికి వ్రాతపూర్వకమైన ఒప్పందము విధిగ నుండవలెను. తేదీ చెప్పనిచో పని ముగిసిన 30 దినములలో సొమ్ము చెల్లింపవలెను. ఇంగ్లండున 1998 నాటి శాసనముచే వ్యాపారపు బాకీలకు బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు రేటుపై నూటికి 8 వడ్డీ. కాని విజయవాడలో కూర్చుండినవాడు ఇరువది, ముప్పదివేల రూపాయలకై న్యూజెర్సీ బాకీదారును కోర్టునకీడ్చుట జరుగు పని కాదు. సముద్రమునకావలి పనికి బయానా హెచ్చుగ పుచ్చుకొనుటయే గతి.

మన రెండు రాష్ట్రముల ప్రభుత్వశాఖలును, అకాడమీలును, విశ్వవిద్యాలయములును పాఠ్యగ్రంథముల అనువాదములు విడిపనివారిచేతనే చేయించుకొనుచున్నవి. పని ముట్టిన 45 దినములలో చెల్లింతుమని తమ ఉత్తరువులలోనే అవి వ్రాసినచో, ప్రైవేటువారిని అడుగుటకు ముఖముండును. ఎవరెవరికి ఎంత బాకీ యున్నదో ఆ జాబితాను ఏటేట ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.

చివరగ కాలదోషమును గూర్చి ఒకమాట. చెల్లింపునకు తేదీ అనుకొననిచో, చేసిన పనికి సొమ్ము రాబట్టుకొను దావా పని ముగిసిన మూడేండ్లలోపల వేయవలెనని 1963వ సంవత్సరపు పరిమితి శాసనము. మన తాతలు ప్రామిసరీ నోటు వెనుక నూరు రూపాయలైనను చెల్లు వేయించి, సంతకము చేయించి, నోటునకు క్రొత్త ప్రాణము పోసికొనెడివారు. ఆ నేర్పు నేటికిని పనికివచ్చును. గడువు తీరకముందే బాకీదారు “ఇంత ఈయవలసియున్నది” అని సంతకముతో వ్రాసియిచ్చినను, కొంత చెల్లించి అట్లు వ్రాసినను ఆనాటినుండి మరల మూడేండ్లు. 2013లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము ఈమెయిలున పంపిన ఒప్పుకోలును అట్టిదానిగనే అంగీకరించినది. కావున “రేపు చూద్దాంలెండి” యని ఫోనులో చెప్పువానిని ఆ మాటనే, మొత్తము అంకెతో సహా, ఈమెయిలున వ్రాసి పంపుమని వినయముగ అడుగవలెను.